దుబాయా, అబుదాబియా? అపోహలు - వాస్తవాలు

సెలవులకు విదేశం వెళ్లాలని విజయవాడలోని మా ట్రావెల్స్ కార్యాలయానికి వచ్చే కుటుంబాలలో చాలామంది దుబాయ్‌ని ముందే ఖాయం చేసుకుని, అబుదాబిని ప్యాకేజీలో కొసరుగా అడుగుతారు. ఈ రెండింటిలో ఎక్కడ ఎన్ని రాత్రులు ఉండాలన్నది, వెంట వచ్చేది పెద్దలా, పిల్లలా అన్నదాన్ని బట్టి తేల్చుకోవలసిన విషయమని నా అభిప్రాయం.

అపోహ: అబుదాబికి ఒక పూట చాలు.

వాస్తవం: రెండు నగరాల మధ్య దూరం సుమారు 140 కిలోమీటర్లు. అంటే విజయవాడ నుంచి రాజమండ్రి వెళ్లి అదే రోజు తిరిగి వచ్చినట్టే. రోడ్డు ఎంత బాగున్నా రానూపోనూ మూడు గంటలు పోతాయి. అందుకే ఒక్కరోజు ప్యాకేజీ కాగితంలో షేక్ జాయెద్ మసీదు తరువాత ‘ఫెరారీ వరల్డ్ ఫొటో స్టాప్’ అని కనిపిస్తుంది. ఆ థీమ్ పార్కు బయట నిలబడి ఫొటో దిగి బస్సెక్కడమే తప్ప, ప్యాకేజీలో లోపలికి వెళ్లే టికెట్ ఉండదు. మసీదుకు ప్రవేశ రుసుము లేదు గాని, ముందుగా ఆన్‌లైన్‌లో సమయం నమోదు చేసుకోవాలి. స్త్రీలు తల కప్పుకోవాలి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన స్వామినారాయణ మందిరం నగరం నడిబొడ్డున కాక, దుబాయ్ రహదారి వైపు అబు మురైఖాలో ఉంది. ఏడు శిఖరాల ఆ ఆలయంలో వేంకటేశ్వరస్వామి సన్నిధి కూడా ఉన్నందున మనవాళ్లు తప్పక చూడాలంటారు. అయితే శివుడి వారమని సోమవారం పెట్టుకోకండి. ఆ రోజు సందర్శకులకు సెలవు. అబుదాబిలోని లూవ్ర్ మ్యూజియం కూడా సోమవారమే మూసి ఉంటుంది.

హైదరాబాద్ నుంచి రెండు నగరాలకూ నేరుగా విమానాలు ఉన్నాయి కనుక, దుబాయ్‌లో దిగి అబుదాబిలో తిరుగు విమానం ఎక్కేలా టికెట్ తీసుకుంటే ఒకవైపు రోడ్డు ప్రయాణం తప్పుతుంది. ఐదు రాత్రుల యాత్రలో మూడు దుబాయ్‌లో, రెండు అబుదాబిలో గడపమని, ముఖ్యంగా పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలకు, నేను చెబుతుంటాను.

అపోహ: పిల్లలకు దుబాయే సరి, అబుదాబిలో వాళ్లకు విసుగు.

వాస్తవం: ఫెరారీ వరల్డ్, వార్నర్ బ్రదర్స్ వరల్డ్, సీవరల్డ్, వాటర్‌వరల్డ్ అనే థీమ్ పార్కులు నాలుగూ అబుదాబిలోని యాస్ ద్వీపంలోనే ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవారికి అక్కడే బస తీసుకోవడం నయం. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా, మెట్రో, ఒక్క దిర్హమ్‌కు క్రీక్ అనే సముద్రపు పాయను దాటించే అబ్రా పడవ, బజార్లలో బేరసారాలు కావాలనుకునేవారికి మాత్రం దుబాయ్‌కి సాటి లేదు.

అపోహ: రెండింటికీ వేర్వేరు వీసాలు కావాలి.

వాస్తవం: అక్కర లేదు. రెండూ ఒకే దేశంలోని నగరాలు కనుక యు.ఎ.ఇ. (యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్) వీసా ఒక్కటే చాలు.

అపోహ: బెజవాడ ఎండకు అలవాటుపడ్డవాళ్లం, మే నెలలో వెళ్లినా తట్టుకోగలం.

వాస్తవం: ఎండను తట్టుకున్నా, దానికి తోడయ్యే సముద్రపు ఉక్కపోత, ఏసీ గదికీ బయటి వేడికీ మధ్య తేడా పెద్దవాళ్లను కుదేలు చేస్తాయి. నవంబరు నుంచి మార్చి వరకు అనుకూలం కాబట్టి, వేసవి కంటే సంక్రాంతి సెలవులే మేలు.

అపోహ: బంగారం కోసమైనా బస దుబాయ్‌లోనే ఉండాలి.

వాస్తవం: దుబాయ్‌లోని దేరా బంగారు బజారు చూడదగ్గదే, కాదనను. కాని సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వెసులుబాటు ఏడాదికి పైగా విదేశంలో నివసించి వచ్చేవారికే తప్ప, వారం రోజుల యాత్రికులకు వర్తించదు. కొనదలచినవారు కస్టమ్స్ సుంకాన్ని కూడా కలిపి లెక్క వేసుకున్నాక విజయవాడ గవర్నర్‌పేట ధరతో పోల్చి చూసుకోవాలి.