వైజాగ్‌లో పాత మౌంటెన్ బైక్ కొంటున్నారా? ముందు సీటు రాడ్డు పీకి చూడండి

మద్దిలపాలెంలో సైకిళ్లు బాగుచేస్తుంటాను. వారానికి ఒకరైనా సెకండ్ హ్యాండ్ గేర్ సైకిల్ కొనేసి, ఆ తర్వాత నా దగ్గరికి తోసుకుంటూ వస్తారు. ఎక్కువమంది కాలేజీ పిల్లలే, నెలనెలా దాచుకున్న డబ్బుతో కొన్నవాళ్లు. కొనకముందే వచ్చి అడిగితే ఎంత బాగుండు అనిపించి ఇది రాస్తున్నాను.

అపోహ: ఎక్కువ తొక్కని సైకిల్ అంటే కొత్తదానితో సమానం.

మన ఊళ్లో మాత్రం ఈ మాట నమ్మకండి. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్‌లో, బాల్కనీలో రెండేళ్లు కదలకుండా ఉప్పు గాలి తిన్న సైకిల్ కంటే రోజూ తొక్కి, తుడిచి, చైన్‌కి ఆయిల్ వేసిన సైకిలే నయం. మొన్న ఒక కుర్రాడు తెచ్చిన సైకిల్ పెయింట్ తళతళలాడుతోంది, ఒక్క గీత కూడా లేదు. సీటు కాస్త పైకి లేపమన్నాడు. క్లాంప్ వదులు చేసి తిప్పితే రాడ్డు కదల్లేదు. ఆయిల్ పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు ఇద్దరం పట్టి తిప్పితే కిర్రుమని అరంగుళం వచ్చి మళ్లీ బిగుసుకుపోయింది, చివరికి కోసి తీయాల్సి వచ్చింది. లోపలంతా సున్నంలా తెల్లపొడి. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు, ఇలా తెల్లగానే ఉంటుంది, అందుకే చాలామంది దాన్ని దుమ్మనుకుని వదిలేస్తారు. అల్యూమినియం ఫ్రేములో ఇనప రాడ్డు ఉంటే ఇంకా త్వరగా పట్టేస్తుంది.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌లో, పైభాగాన మెరిసే రెండు గొట్టాల మీద గోరుతో నిమిరి చూడండి. తుప్పు చుక్కలు గరుగ్గా తగిలితే అవి లోపలి సీల్స్‌ని తినేస్తాయి, ఆ బండి వద్దు.

అపోహ: ముందూ వెనకా షాక్ (కుదుపులు తగ్గించే స్ప్రింగు) ఉంటే ఇంకా మంచిది.

ఖరీదైన వాటిలో నిజమే. తక్కువ ధర బండ్లలో వెనక షాక్ అంటే అదనపు బరువు, వదులైపోయే జాయింట్లు, అంతే. కైలాసగిరి ఎక్కుతుంటే తొక్కిన ప్రతి తొక్కుకీ బండి కిందికి పైకి ఊగి మీ బలం స్ప్రింగులోకి పోతుంది. మొదటి బండికి ముందు షాక్ ఒక్కటి చాలు.

అపోహ: గేర్లు ఎన్ని ఉంటే అంత గొప్ప.

21 గేర్లంటే ముందు 3 పళ్ల చక్రాలు, వెనక 7, మూడేళ్లు ఇరవైఒకటి. వాటిలో చాలా వరకు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. లెక్క వదిలేసి, ఎత్తు రోడ్డు మీద అన్నీ మార్చి చూడండి.

అపోహ: 26 అంగుళాల చక్రాలు పాతబడిపోయాయి, కొనొద్దు.

కొత్త మోడళ్లు 27.5, 29కి వెళ్లిపోయిన మాట నిజమే, కానీ 26కి టైర్లు, ట్యూబులు ఇప్పటికీ దొరుకుతాయి, పైగా దాని వల్లే బేరం బాగా కుదురుతుంది. చక్రం కంటే ఫ్రేము సైజు ముఖ్యం. సైకిల్‌కి రెండు వైపులా కాళ్లేసి, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనించి నిలబడితే పై గొట్టానికీ మీకూ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి. ఎంత మంచి బండైనా ఇది కుదరకపోతే వదిలేయండి.

అపోహ: చైన్ అరిగితే చైన్ మార్చుకుంటే సరిపోతుంది.

చైన్‌లో ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా పెట్టండి. 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మధ్యలో పడాలి. ఆ పిన్ను ఆ గీతని అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే వెనక చక్రం పళ్లు కూడా అరిగిపోయినట్టే, ఆ ఖర్చు బేరంలో తగ్గించి అడగండి. ఎలాగూ టైర్లకీ కేబుళ్లకీ బ్రేక్ ప్యాడ్లకీ మీ బడ్జెట్‌లో ఐదో వంతు విడిగా ఉంచుకోవాల్సిందే.

పెడల్స్ తిరిగే చోట, ఫ్రేము అడుగున నంబర్ ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే ఎంత తక్కువకి ఇచ్చినా ముట్టుకోకండి, ఎవరో పిల్లాడు పోగొట్టుకున్న సైకిల్ అయ్యుండొచ్చు.

చూడ్డానికి పగలే వెళ్లండి. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే చోట జుట్టంత సన్నటి పగులు సాయంత్రం వెలుతురులో కనపడదు. ఒక స్కేలు, 5 ఎంఎం అలెన్ కీ (సీటు బోల్టు విప్పే ఆరు పలకల తాళం) జేబులో వేసుకుని వెళ్లండి, సీటు రాడ్డు తీయనివ్వనంటే అక్కడి నుంచి వచ్చేయండి.