పంటను వంటగా చదివే యంత్రం: చూపులేని పాఠకుల పుస్తకాల వెనక కథ

‘రైతు పంటకు నీళ్లు పెట్టాడు’ అని అచ్చులో ఉంటుంది. స్కాన్ చేసిన పేజీని అక్షరాలుగా మార్చే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ దాన్ని ‘వంటకు నీళ్లు పెట్టాడు’ అని ఇస్తుంది. తెలుగులో ప, వ అంత దగ్గరి చుట్టాలు మరి. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి స్పెల్‌చెక్కు నోరెత్తదు. చూపున్న పాఠకుడికి అనుమానమొస్తే స్కాన్ చేసిన అసలు పేజీ బొమ్మ తెరిచి చూసుకుంటాడు. తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్‌తో వినేవారికి ఆ వెసులుబాటు లేదు. వినిపించిందే పుస్తకం.

అందుకే స్కానర్‌కీ పాఠకుడికీ మధ్య ప్రూఫులు దిద్దే మనిషి ఒకరు ఉండాల్సి వస్తోంది. చరిత్ర చూస్తే, కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఈ మనిషి అవసరం ఇక తీరిపోయిందనే అనుకున్నారు.

1910ల తొలి సగంలో ఎడ్మండ్ ఫోర్నియర్ డాల్బ్ ఇంగ్లండులో ఆప్టోఫోన్ అనే యంత్రం తయారుచేశాడు. అచ్చక్షరం మీద వెలుతురు పడేసి, అక్షరం ఆకారాన్ని బట్టి స్వరాలు పలికించేది. విని పోల్చుకోవడం పాఠకుల వంతు. మేరీ జేమ్సన్ అనే చూపులేని మహిళ ఏళ్ల తరబడి సాధన చేసి నిమిషానికి 60 మాటల దాకా చదవగలిగారు. అయితే అంత ఓపిక అందరి వల్లా అయ్యే పని కాదు. చూపులేనివారికి దొరికే పుస్తకాలు ఎక్కువగా బ్రెయిలీలోకి ఎక్కించినవే, లేదంటే 1934లో అమెరికాలో మొదలైన గ్రామఫోను ‘మాట్లాడే పుస్తకాలు’. మన దేశంలో భారతి బ్రెయిలీ లిపి 1951లో ఖరారైంది. అదే ఏడాది డెహ్రాడూన్‌లో సెంట్రల్ బ్రెయిలీ ప్రెస్ మొదలైంది.

అసలు మలుపు 1976 జనవరి 13. అమెరికా ఆవిష్కర్త రే కర్జ్‌వైల్ తన చదివే యంత్రాన్ని ఆ రోజు లోకానికి చూపించాడు. పేజీని స్కాన్ చేయడం, ఏ ఫాంటులో ఉన్నా అక్షరాలు పోల్చడం, పైకి చదివి వినిపించడం అన్నీ ఒకే పెట్టెలో. తొలి కొనుగోలుదారుల్లో గాయకుడు స్టీవీ వండర్ ఒకరు. మామూలు ఇంట్లోకి వచ్చే ధర మాత్రం కాదది. పర్సనల్ కంప్యూటర్ చౌకయ్యాక 1989లో జిమ్ ఫ్రుక్టర్‌మన్ ఆర్కెన్‌స్టోన్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టి, అదే పనిని తక్కువ ఖర్చుతో అందించాడు.

అప్పుడు బయటపడింది ఒక వింత. ఒకే నవలను వందలమంది ఎవరి ఇంట్లో వారు పేజీ పేజీ తిప్పుతూ స్కాన్ చేసుకుంటున్నారు. ఒక్కొక్కరికీ గంటల పని, అందరికీ అవే తప్పులు. ఒకరు చేసింది ఇంకొకరికి ఇస్తే సరిపోదా? కాపీరైటు చట్టం ఒప్పుకోవాలి కదా! 1996లో అమెరికా కాంగ్రెస్ చేసిన చేఫీ సవరణ ఆ దారి తెరిచింది. అర్హత ఉన్న సంస్థలు, ప్రచురణకర్త అనుమతి అడగకుండానే, అచ్చు చదవలేని వారి కోసం ప్రత్యేక రూపంలో ప్రతులు తయారుచేయవచ్చు. దాని ఆధారంగా 2002లో, స్కాన్ చేసిన పుస్తకాలను అచ్చు చదవలేని వారు పంచుకునే ఆన్‌లైన్ గ్రంథాలయం బుక్‌షేర్ మొదలైంది. పాటలు పంచుకునే నాప్‌స్టర్‌ను కొడుకు చూపించినప్పుడు తనకీ ఆలోచన వచ్చిందని ఫ్రుక్టర్‌మన్ చెబుతుంటాడు.

తొలి పుస్తకాల్లో చాలావరకు సభ్యులే ఇంట్లో స్కాన్ చేసి పంపినవి. వాటిని దిద్దడానికి వచ్చిన స్వచ్ఛంద సేవకుల్లోనూ చూపులేనివారు చాలామందే. ఇంగ్లిషులో ‘మోడర్న్’ అన్న మాట ‘మోడెమ్’ అయి కూర్చునేది. ఆర్, ఎన్ ఆనుకుని ఉంటే యంత్రానికి ఎమ్ లాగే కనిపిస్తాయి మరి. ప్రతి పుస్తకానికీ నాణ్యత ముద్ర కూడా ఉండేది: అద్భుతం, మంచిది, పరవాలేదు. ‘పరవాలేదు’ పుస్తకాన్ని కూడా ఆవురావురుమని చదివారంటే కరువు ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

అక్షరదోషాలు సగం పనే. మిగతా సగం పుస్తకం రూపం. ప్రతి పేజీ నెత్తిన పుస్తకం పేరు, అధ్యాయం పేరు అచ్చేస్తారు. కన్ను దాన్ని పట్టించుకోదు. స్క్రీన్ రీడర్ మాత్రం కథానాయిక ఉత్తరం విప్పుతున్న వాక్యం మధ్యలో ఆగి, పుస్తకం పేరూ పేజీ అంకే చదివి, మళ్లీ కథలోకి వస్తుంది. వాటిని తీసేయాలి. కానీ పేజీ అంకె మొత్తానికే పోకూడదు. తరగతిలో మాస్టారు ‘87వ పేజీ తీయండి’ అంటే చూపులేని పిల్లవాడూ తీయగలగాలి కదా. అధ్యాయం పేరు పెద్ద అక్షరాల్లో కనిపిస్తే చాలదు, అది శీర్షిక అని ఫైలుకు తెలియాలి. అప్పుడే ఒక్క మీట నొక్కి తర్వాతి అధ్యాయానికి దూకడం వీలవుతుంది. 1996లో ఏర్పడిన డైసీ కన్సార్టియం అనే సంస్థల కూటమి ఇలాంటి ప్రమాణాలే తయారుచేసింది. నేటి ఈపుస్తకాల ఈపబ్ రూపంలోనూ వాటి ఛాయలున్నాయి.

తెలుగు పుస్తకం దగ్గర ఈ పని ఇంకా ముదురుతుంది. పాత అచ్చులో పంక్తి చివర మాటను ఎక్కడపడితే అక్కడ విరిచేవారు, చాలాసార్లు చిన్న గీత కూడా పెట్టకుండా. ఈ పంక్తిలో ‘వెళ్లి’, కింది పంక్తిలో ‘పోయాడు’ ఉంటే కలపాలా వద్దా? వాక్యం చదివితేనే తెలుస్తుంది. పద్యం నాలుగు పాదాలూ కలిసిపోయి వచనంలా వస్తాయి, కింద ప్రతిపదార్థం, తాత్పర్యం వాటిలోకి చొరబడతాయి. అరసున్నలు, బండి ఱలు ఉంచాలా తీయాలా అన్నది మరో తగువు. ఉంచాలనే నా అభిప్రాయం. చూపున్న పాఠకుడికి దక్కిన పుస్తకమే ఇతరులకూ దక్కాలి.

ఇంకో తమాషా ఉంది. తెలుగు సున్న, తెలుగు అంకెల్లోని సున్నా కంటికి దాదాపు ఒకటే. కంప్యూటర్‌కు అవి వేర్వేరు. ‘రంగం’లో ఒకదాని స్థానంలో ఇంకొకటి పడితే చూపున్న ప్రూఫ్ రీడరు పదిసార్లు చూసినా పట్టుకోలేకపోవచ్చు. చెవితో దిద్దేవారికి అది వెంటనే కర్ణకఠోరంగా తగులుతుంది. పంట, వంటల తగువు తీర్చడానికి మాత్రం అసలు పేజీ చూసే కన్ను కావాలి. ఈ పనికి ఇద్దరూ కావాలనడం మర్యాద కోసం కాదు.

తెలుగు ఓసీఆర్ మీద హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు 2001 నాటికే పరిశోధనా పత్రం ప్రచురించారు. గుణింతాలూ ఒత్తులూ కలిసి పుట్టించే ఆకారాలు వందల్లో ఉంటాయి, పైగా ఒత్తు కింద వేరే ముక్కగా పడుతుంది. ఇంగ్లిషు పద్ధతి ఇక్కడ నేరుగా పనికిరాలేదు. ఆ దశాబ్దంలోనే చిత్తూరు జిల్లావాడైన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో మిలియన్ బుక్స్ ప్రాజెక్టు, దానితోపాటు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నడిచాయి. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాలుపంచుకున్నాయి. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. పరిశోధకులకు పండగే. అయితే అవన్నీ పేజీల బొమ్మలు. స్క్రీన్ రీడర్‌కు బొమ్మ అంటే ఖాళీ కాగితం.

వాటిలో కొన్నింటిని అక్షరాల్లోకి తెచ్చినవారు వికీపీడియా తరహా ఉచిత గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్ ఔత్సాహికులు. అక్కడ దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, రెండో మనిషి సరిచూస్తే ఆకుపచ్చ. వాళ్లు ప్రత్యేకంగా అంధుల కోసమే చేయలేదు, కానీ ఆకుపచ్చ పేజీ ఎవరైనా వినగల పేజీ.

చట్టం వైపు కథ వేరుగా నడిచింది. మన 1957 కాపీరైటు చట్టంలో అంధుల కోసం మినహాయింపే లేదు. సంస్థలు పుస్తకం పుస్తకానికీ అనుమతి అడుక్కోవాల్సిందే. ఉద్యమం ఫలితంగా 2012 సవరణ ఆ అడ్డు తొలగించింది. ఏ వ్యక్తయినా, లాభాపేక్ష లేని సంస్థయినా వైకల్యం ఉన్నవారి కోసం పుస్తకాన్ని చదవగల రూపంలోకి మార్చవచ్చు. దీనికోసం పోరాడిన న్యాయవాది రాహుల్ చెరియన్ 2013 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ జూన్‌లోనే మొరాకోలో మరాకేష్ ఒప్పందం కుదిరింది. దేశాలు ఈ ప్రతులను ఇచ్చిపుచ్చుకునే వీలు కల్పించే ఆ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది.

ఇంత జరిగాక కూడా తెలుగులో అడ్డు ఎక్కడుంది? కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీలో. 1990ల నుంచి మన పుస్తకాల్లో అధికభాగం పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను వంటి ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫైల్లో తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపలున్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. స్క్రీన్ రీడర్‌కు ఇస్తే పిచ్చి ఇంగ్లిషు చదువుతుంది. ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్ సంకేతాల్లోకి మార్చే సాధనాలున్నాయి, ఒత్తుల దగ్గర అవీ తడబడతాయి. అయినా స్కాన్ కంటే వెయ్యి రెట్లు నయం. ఆ ఫైలు ప్రచురణకర్త దగ్గరో డీటీపీ సెంటర్‌లోనో ఉంటుంది. చట్టం ప్రతి చేసుకోమంటుంది గానీ ఫైలు ఇవ్వమని ప్రచురణకర్తను బలవంతపెట్టదు. కాబట్టి ఒకసారి కంప్యూటర్‌లో టైపయిన పుస్తకం కాగితం మీదికి వెళ్లి, మళ్లీ స్కానర్ గుండా కంప్యూటర్‌లోకి వచ్చి, అప్పుడు ఎవరో ‘వంట’ను ‘పంట’ చేయాలి.

దీని వల్ల మధ్యలో ఒక తరం సాహిత్యం ఇరుక్కుపోయింది. రచయిత పోయి 60 ఏళ్లు దాటిన పాత పుస్తకాలకు వికీసోర్స్ ఉంది. ఇప్పుడిప్పుడే యూనికోడ్‌లో వస్తున్న ఈపుస్తకాలను ఫోనే చదివి పెడుతుంది. ఆ రెండింటి మధ్య, దాదాపు పాతికేళ్లపాటు పాత ఫాంట్లలో అచ్చయిన కథలు, నవలలు, పోటీ పరీక్షల పుస్తకాలు అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. ఫైలిస్తే దొంగకాపీలు పుడతాయని ప్రచురణకర్తల భయం. చూపున్నవాళ్ల కోసం అవే పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి.

ఈమధ్య కృత్రిమ మేధతో నడిచే ఓసీఆర్‌లు వచ్చాయి, తెలుగును చాలా మెరుగ్గా పట్టుకుంటున్నాయి. ప్రూఫ్ రీడర్లతో ఇక పనిలేదన్న మాట మళ్లీ వినిపిస్తోంది. నాకైతే కొత్త చిక్కు కనిపిస్తోంది. పాత ఓసీఆర్ పొరబడితే చాలాసార్లు అర్థంలేని అక్షరాలు వచ్చేవి, చెవికి తెలిసిపోయేది. కొత్తది చెరిగిన మాట స్థానంలో అక్కడ ఇమిడే మరో మంచి మాట పెట్టేయగలదు. వాక్యం సాఫీగా సాగిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే మూలం పేజీ పక్కన పెట్టుకుని మాటమాటా సరిచూడటమొక్కటే దారి.