దమ్రో కొండల్లో కూలిన బాంబర్: లెఫ్టినెంట్ ఆక్స్‌ఫర్డ్ ఇల్లు చేరడానికి 73 ఏళ్లు

అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ విమానాల శకలాలు బయటపడ్డాయన్న వార్త వచ్చినప్పుడల్లా, వాటి మధ్య ఉండిపోయిన మనుషులను ఇన్నేళ్లుగా ఎందుకు వెలికితీయలేదన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది. ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ యూజీన్ ఆక్స్‌ఫర్డ్ ఉదంతంలో దీనికి చాలావరకు జవాబు దొరుకుతుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కాన్‌కర్డ్ అనే చిన్న ఊరి నుంచి యుద్ధానికి వచ్చిన ఆయన వయసు చనిపోయేనాటికి 24 ఏళ్లు.

1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించడంతో చైనాకు సరుకులు చేరే రోడ్డు మార్గం తెగిపోయింది. ఇంధనం, ఆయుధాలు, మందులు, ఏది పంపాలన్నా అస్సాం నుంచి హిమాలయాల తూర్పు కొసల మీదుగా కున్‌మింగ్‌కు విమానాల్లో చేరవేయడం తప్ప గత్యంతరం లేకపోయింది. వైమానికులు ‘హంప్’ అని పిలిచిన ఈ దారి ఒకవైపు ఆరు లక్షల టన్నులకు పైగా సరుకును చైనాకు చేర్చింది, మరోవైపు దాదాపు 600 విమానాలను మింగేసింది. మంచు పేరుకున్న రెక్కలు, ఉన్నట్టుండి విమానాన్ని వేల అడుగులు కిందికి తోసే గాలులు, నమ్మదగిన మ్యాపులు లేని లోయలు శత్రువు తుపాకుల కన్నా ఎక్కువ మందిని బలిగొన్నాయి.

ఆక్స్‌ఫర్డ్ 14వ వైమానిక దళానికి చెందిన 308వ బాంబర్ గ్రూపులో, 425వ స్క్వాడ్రన్‌లో పనిచేశారు. ఆయన బాంబార్డియర్. బి-24 లిబరేటర్ అనే భారీ బాంబర్ విమానం ముక్కు భాగంలో, అద్దాల గదిలో కూర్చుని, గురి చూసే యంత్రం మీద కన్ను ఆనించి, బాంబు వదలాల్సిన క్షణాన్ని నిర్ణయించడం ఆయన పని. లక్ష్యం మీదికి వెళ్లే ఆ చివరి కొద్ది నిమిషాలు విమానం దిశ కూడా దాదాపుగా బాంబార్డియర్ చేతిలోనే ఉంటుంది. అయితే చైనాలో మకాం వేసిన ఈ గ్రూపు తన బాంబులనూ పెట్రోలునూ తానే భారతదేశం నుంచి మోసుకుపోవలసి వచ్చేది. ఒక్క దాడికి సరిపడా సరంజామా కూడబెట్టాలంటే హంప్ మీదుగా అనేకసార్లు తిరగాలి. యుద్ధ చరిత్రల్లో దాడులకు దక్కిన చోటు ఈ రవాణాకు దక్కలేదు గానీ, ఆ సిబ్బందిలో చాలామంది ప్రాణాలు పోయింది ఇక్కడే.

1944 జనవరి 25 ఉదయం ‘హాట్ యాజ్ హెల్’ అని పేరు పెట్టుకున్న లిబరేటర్ ఎనిమిది మందితో కున్‌మింగ్ నుంచి అస్సాంలోని చబువాకు బయల్దేరింది. ఆ రోజు బాంబార్డియర్‌కు గురి చూడవలసిన లక్ష్యమేదీ లేదు. సరుకు తెచ్చుకోవడానికే ఆ ప్రయాణం. వాతావరణం విషమించింది, విమానం చబువా చేరలేదు. యుద్ధానంతరం గాలించినా ఆచూకీ దొరకలేదు.

2006లో అమెరికాకు చెందిన స్వతంత్ర అన్వేషకుడు క్లేటన్ కూల్స్, ఎగువ సియాంగ్ ప్రాంతంలోని దమ్రో గ్రామానికి పైనున్న కొండల్లో ఈ శకలాలను గుర్తించారు. ఆ కొండలను ఎరిగిన ఆది తెగ వేటగాళ్ల సాయం లేకుండా అలాంటి చోట్లకు బయటివారు చేరుకోవడం సాధ్యం కాదు. విమానం దొరికింది కనుక మిగిలిన పని త్వరగా సాగుతుందని కుటుంబాలు ఆశించాయి. అమెరికన్ బృందాలు 2008, 2009లలో ప్రాథమిక పరిశీలన చేశాయి కానీ తవ్వకం ఏళ్ల తరబడి మొదలు కాలేదు. నిటారు కొండవాలు, వర్షాలు, ఏడాదిలో పనికి అనువైన కొద్ది వారాలు నిజంగానే అడ్డంకులు. వాటికి తోడు, చైనా తనదని చెప్పుకొనే భూభాగంలోకి విదేశీ సైనిక బృందాన్ని అనుమతించే విషయంలో ఢిల్లీ వెనకాడుతోందని కుటుంబాల పక్షాన పోరాడినవారు గట్టిగా ఆరోపించారు. సరిహద్దు విషయంలో జాగ్రత్త అవసరమే. అయినా తోబుట్టువులు ఒక్కొక్కరే కన్నుమూస్తున్న కుటుంబాలకు ఆ జాప్యం తీరని అన్యాయమే చేసింది.

చివరకు 2015 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అక్కడ తవ్వకం జరిగింది. 2016 ఏప్రిల్‌లో అప్పటి అమెరికా రక్షణ మంత్రి ఆష్ కార్టర్ సమక్షంలో ఢిల్లీ నుంచి అవశేషాలను సాగనంపారు. తల్లి వైపు నుంచి సంక్రమించే మైటోకాండ్రియల్ డీఎన్ఏను బంధువుల నమూనాలతో పోల్చి, దొరికిన వస్తువులనూ పరిస్థితులనూ బేరీజు వేసి, అవి ఆక్స్‌ఫర్డ్‌వేనని నిర్ధారించారు. 2017 జూన్ 11న కాన్‌కర్డ్‌లో సైనిక లాంఛనాలతో ఆయనకు అంత్యక్రియలు జరిగాయి. అప్పటికి ఆ ఎనిమిది మందిలో గుర్తింపు దొరికింది ఆయన ఒక్కరికే.

భారత భూభాగంలో ఇలా గల్లంతైన అమెరికన్లు దాదాపు 400 మంది ఉంటారని ఆ దేశ అధికారుల అంచనా. వారిలో అత్యధికులు ఈశాన్య రాష్ట్రాల్లోనే కూలిపోయారు. ఈ పనికి సాయపడేందుకు గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయంతో 2021లో అమెరికా గల్లంతు సైనికుల అన్వేషణ సంస్థ ఒప్పందం కుదుర్చుకుంది.