కంక బొంగులో గలగల

బిడ్డలారా,

ఎండాకాలం సెలవులకు హనుమకొండ వచ్చినప్పుడు, గంపలల్లే మేదరి మామ కంక బొంగును, అదే వెదురు బొంగును, మీ చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగలమన్నది, యాదికుందా? చీలిస్తే సుద్దముక్కలాంటి తెల్లటి పలుకులు రాలాయి. అదే వెదురుప్పు. ఆయుర్వేదంలో వంశలోచనమంటారు. దగ్గుకు వాడే సితోపలాది చూర్ణంలో కలకండ 16 పాళ్లయితే ఇది 8 పాళ్లు. "ఇందులో మందేముంది తాతా?" అని చిన్నోడు అడిగితే ఆ పూట మాట దాటేశాను.

మొక్కలో ఏమేమున్నాయో తెలుసుకోవడానికి మొదట చేసేది ఫైటోకెమికల్ స్క్రీనింగ్. పేరే పెద్దది. ముళ్ల వెదురు ఆకును నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, నీళ్లలోనో, మిథనాల్ అనే స్పిరిట్‌లోనో సారం దింపుతారు. దాన్ని గాజు గొట్టాల్లో తలా కొంచెం పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో రసాయనం చుక్క వేసి చూస్తారు.

కుంకుడు రసంతో తలంటుకున్నవాళ్లకు నురుగు సంగతి చెప్పాలా! సారంలో నీళ్లు పోసి గట్టిగా ఊపాక పావుగంటైనా నురుగు చావకపోతే సాపోనిన్లు, అంటే సబ్బులా నురుగిచ్చే పదార్థాలు, ఉన్నట్టు. మెగ్నీషియం ముక్క, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుసబుస పొంగి నారింజకో ఎరుపుకో తిరిగితే ఫ్లేవనాయిడ్లనే మొక్కల పదార్థాలున్నట్టు. వెదురాకులో దొరికే ఓరియెంటిన్, వైటెక్సిన్ ఆ కుటుంబానివే. ఆల్కలాయిడ్లను, అంటే నైట్రోజన్ ఉండే చేదు పదార్థాలను, పట్టడానికి వాడే మేయర్ ద్రావణంలో పాదరసముంటుంది, దాని జోలికి మాత్రం పోకండి.

టానిన్లను, అంటే వగరు పదార్థాలను, పట్టే ఫెరిక్ క్లోరైడ్ నన్ను నవ్వులపాలు చేసింది. చదువుకునే రోజుల్లో మా అమ్మ ఇనుప మూకుడులో ఆకు కాచి ల్యాబుకు పట్టుకెళ్లాను. చుక్క వేయకముందే సారం నల్లగా ఉంది! టానిన్లు ఇనుము తగిలితే నల్లబడతాయి, ఫెరిక్ క్లోరైడ్‌లో ఉన్నదీ ఇనుమే. కరక్కాయ, అన్నభేది కలిపి పాతకాలంలో సిరా చేసుకున్నదీ ఇట్లనే. పరీక్ష మా పొయ్యి మీదే అయిపోయింది, నాకే తెలియలేదు.

అయితే ఈ రంగులు ఉందా లేదా అన్నంతవరకే. రోగం తగ్గుతుందా అంటే వాటికేం తెలుసు? టానిన్లు మన చాయ్‌లో కూడా ఉన్నాయి.

నాయినమ్మ వెదురు కొమ్ములు, అంటే లేత పిలకలు, ఉడికించి ఆ నీళ్లు పారబోస్తుంది కదా. పచ్చి కొమ్ములో టాక్సిఫిల్లిన్ అనే పదార్థం ఉంటుంది, నలిగితే దాన్నుంచి సైనైడ్ పుడుతుంది. ఆమె పుట్టిల్లు ఏటూరునాగారం అడవుల దిక్కు. ల్యాబు చెప్పేదాకా ఆగలేదు.

ఇక చిన్నోడి ప్రశ్న. వెదురుప్పుకు ఈ పరీక్షలన్నీ చేసినా రంగుల కోసం ఆశపడొద్దురా. అది దాదాపు అంతా సిలికా, ఇసుకలో ఉండేదే. వేళ్లు నేలలోంచి నీళ్లతో పాటు పీల్చుకున్నది గణుపుల మధ్య గడ్డకట్టింది. ఆ రోజు పలుకులు ఒక అగ్గిపెట్టెలో దాచాను. ఒకటి నాలుక మీద పెట్టుకుంటే టక్కున అంటుకుంది. దసరాకు రండి, చూపిస్తాను.

మీ తాత