పిల్లాడి గొంతు ఎక్కడికి పోతుంది?

2016లో ఆలెడ్ జోన్స్ ఒక ఆల్బమ్ తెచ్చాడు. అందులో అతనితో కలిసి పాడిన రెండో గాయకుడు కూడా అతనే. కాకపోతే ఆ గొంతు సుమారు ముప్పై ఏళ్ల కిందటిది. గొంతు మారకముందు రికార్డు చేసిన పాత టేపులకు, నలభై అయిదేళ్ల మనిషి తన ఇప్పటి గొంతును జత చేశాడు. కింద మగ గొంతు, పైన పిల్లాడి గొంతు. ఇద్దరూ ఒక్కడే అని తెలిసి వింటే ఒళ్లు జలదరిస్తుంది.

వేల్స్‌లోని బాంగర్ కెథడ్రల్ (పెద్ద చర్చి) గాయక బృందంలో పాడుతూ అతను వెలుగులోకి వచ్చాడు. 1985లో ఒక క్రిస్మస్ పాట అతన్ని బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానం దాకా తీసుకెళ్లింది. అప్పుడతనికి పద్నాలుగు, పదిహేనేళ్లు. పదహారేళ్లకు గొంతు మారింది. జనం కొనుక్కున్న ఆ గొంతు ఇక లేదు. తర్వాత సంగీతం, నటన చదువుకుని, బారిటోన్ (మధ్యస్థంగా పలికే మగ గొంతు) గాయకుడిగా, టీవీ, రేడియో వ్యాఖ్యాతగా రెండో జీవితం కట్టుకున్నాడు. బాల గాయకుల్లో ఇంత సాఫీగా దాటినవాళ్లు తక్కువ. ఎందుకు తక్కువో తెలియాలంటే ముందు గొంతులోకి తొంగిచూడాలి.

చూపుడువేలిని గొంతు మధ్యలో ఆనించి, నోరు మూసుకుని "మ్..." అని ఒక్క ఊపిరి పాటు సాగదీయండి. వేలికి సన్నని అదురు తగులుతుంది. లోపల స్వరపేటికలో రెండు మెత్తటి మడతలు ఉన్నాయి, వాటినే స్వరతంతువులు అంటాం. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. మాట్లాడేటప్పుడు పెద్దయిన మగవాళ్లలో సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవాళ్లలో 200 సార్లు, పదేళ్ల పిల్లల్లో 250 సార్లకు అటూ ఇటూగా. కోరస్‌లో పై స్థాయి పాడే పిల్లాడు ఒక్క ఎత్తైన స్వరం పట్టుకుంటే అవి సెకనుకు 880 సార్లు తగులుకుంటాయి. అంత వేగంగా కదిలేది చిటికెన వేలి గోరు పొడవు కూడా లేని కండ!

యుక్తవయసులో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పెరగగానే స్వరపేటిక మృదులాస్థి ముందుకు పొడుచుకొస్తుంది. బయటికి కనిపించే కంఠమణి అదే. లోపల తంతువులు మగపిల్లల్లో దాదాపు 60 శాతం పొడవవుతాయి. వీణ తీగను అంత పొడవు చేస్తే, బిగువు మారకపోతే, శ్రుతి ఎనిమిది మెట్లు దిగుతుంది. గొంతు మాత్రం దాదాపు పూర్తి స్థాయి, అంటే పన్నెండు మెట్లు దిగుతుంది. మిగతా దిగుదలకు కారణం లావు. తంతువులు పొడవుతో పాటు బరువు కూడా పెరుగుతాయి. ఆడపిల్లల్లో పొడవు మూడో వంతు మాత్రమే పెరుగుతుంది కాబట్టి శ్రుతి రెండు మూడు మెట్లే తగ్గుతుంది. అయితే వాళ్లకేమీ జరగదనుకోవడం పొరపాటు. కొన్నాళ్లు గొంతులో గాలి వినిపిస్తుంది, పై స్వరాలు పట్టు తప్పుతాయి. బయటికి కీచుమని వినిపించదు కాబట్టి పక్కవాళ్లు పట్టించుకోరు, అంతే.

"గొంతు పోయింది", "గొంతు విరిగింది" అంటాం. నాకు ఈ మాటలు నచ్చవు. అక్కడ ఏదీ విరగదు. వాయిద్యం పెద్దదవుతుంది, వాయించేవాడికి చెప్పకుండా.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఏ స్వరానికి ఏ కండరాన్ని ఎంత బిగించాలో పిల్లాడి మెదడు ఏళ్ల తరబడి సాధన చేసి నేర్చుకుంది. స్వరపేటికలో ఒక కండరం తంతువును లావుగా, పొట్టిగా చేస్తుంది. ఇంకొకటి దాన్ని సాగదీసి పలుచన చేస్తుంది. ఈ రెండింటి తూకమే పాట. కొన్ని నెలల్లో తంతువు కొలతలు మారిపోతే పాత లెక్కలు తప్పుతాయి. లావుగా అదురుతున్న తంతువు ఉన్నట్టుండి పలుచగా అదరడం మొదలుపెడుతుంది. మాట మధ్యలో గొంతు పైకి ఎగిరి కీచుమనేది అందుకే. మామూలు పిల్లాడికి అది తరగతిలో కాసేపు సిగ్గు. స్టేజి మీద వేలమంది ముందు నిలబడే పిల్లాడికి అది బతుకు టెన్షన్. తనకు గుర్తింపు తెచ్చిన ఒకే ఒక్క విద్య రోజుకో రకంగా చేయిచ్చేస్తుంటే, "నేనెవరిని" అన్న ప్రశ్న పదమూడేళ్లకే ఎదురవుతుంది. ఆ వయసులో ఏ పిల్లాడికీ పడకూడని బరువు అది.

గొంతు మార్చే ఆ గడియారాన్ని ఆపేయాలని మనుషులు చేసిన ప్రయత్నం చరిత్రలోని క్రూరమైన పనుల్లో ఒకటి. ఇటలీలో దాదాపు మూడు శతాబ్దాలకు పైగా, మంచి గొంతున్న మగపిల్లలకు యుక్తవయసు రాకముందే వృషణాలు తీసేసేవారు. టెస్టోస్టెరాన్ లేక స్వరపేటిక చిన్నదిగానే ఉండిపోయేది, ఛాతీ మాత్రం పెద్దమనిషిదిగా ఎదిగేది. పిల్లాడి తంతువులకు పెద్దవాడి ఊపిరి! వీళ్లను కస్త్రాటీలు అనేవారు. వాళ్లలో ఫారినెల్లిలాంటి ఒకరిద్దరు యూరప్ రాజాస్థానాలను ఏలారు. పేరు రాక మూల పడిపోయినవాళ్లే ఎక్కువ. చివరివారిలో ఒకరైన అలెస్సాండ్రో మొరెస్కీ గొంతు 1902, 1904లలో రికార్డయింది, ఇప్పటికీ వినవచ్చు. నేను విన్నాను. గరగరల మధ్య ఆ గొంతు వింటే, అందం కంటే ముందు ఆ పిల్లాడిని అడగకుండా చేసిన పని గుర్తొస్తుంది.

గొంతు ఎప్పుడు మారాలన్నది ఒక్క జన్యువులే తేల్చవు. తిండి, ఆరోగ్యం కూడా కలిసి తేలుస్తాయి. 18వ శతాబ్దంలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో సంగీతకర్త బాఖ్ నడిపిన గాయక బృందం రికార్డులను 1970లో ఒక పరిశోధకుడు పరిశీలించాడు. అప్పటి పిల్లలకు గొంతు మారింది సుమారు పదహారున్నర, పదిహేడేళ్లకు. ఆ లెక్కన పై స్థాయి పాడే పిల్లాడికి ఇప్పటికంటే ఎక్కువ ఏళ్ల సాధన దొరికేది! కోపెన్‌హాగెన్‌లోని ఒక బృంద పాఠశాలలో 1994 నుంచి 2003 దాకా చూస్తే సగటు 14.2 నుంచి 13.9 ఏళ్లకు దిగింది. బాల గాయకుడి కెరీర్ అంటేనే చిన్నది, ఒళ్లు ఇప్పుడు దాన్ని ఇంకా చిన్నది చేస్తోంది.

మరి ఈ రోజుల్లో ఏం చేయాలి? పూర్వం చాలామంది గురువులు గొంతు మారేటప్పుడు నోరు మెదపొద్దనేవారు. 1970లలో అమెరికా సంగీత ఉపాధ్యాయుడు జాన్ కుక్సీ, గొంతు మార్పు దశలవారీగా ఒక క్రమంలో జరుగుతుందని చూపించాడు. ఏ దశలో ఏ స్వరాలు సుఖంగా పలుకుతాయో తెలిస్తే, ఆ పరిధిలో పాడించవచ్చన్నాడు. పైకి లాగకుండా, కిందికి తొక్కకుండా. ఇప్పుడు మంచి గురువులు పోయేది ఇదే దారి. నాకూ ఇదే సబబు అనిపిస్తుంది. పాడటం ఆపేసిన పిల్లాడు తిరిగి మైకు దగ్గరికి రాకపోవచ్చు.

రికార్డు కంపెనీలు మాత్రం అంత ఓపిక పట్టవు. స్టీవీ వండర్ 1963లో పదమూడేళ్లకే అమెరికాలో నంబర్ వన్ పాట ఇచ్చాడు. పేరు ముందు "లిటిల్" అని పెట్టి అమ్మారు. గొంతు మారగానే హిట్లు తగ్గాయి, అతన్ని వదిలించుకుందామన్న ఆలోచన కూడా కంపెనీలో వచ్చింది. 1965 చివర్లో కొత్త గొంతుకు సరిపోయే పాటతో మళ్లీ లేచాడు. ఆ పాట రాయడంలో అతని చెయ్యీ ఉంది. చిన్నప్పుడే పియానో, డ్రమ్స్, హార్మోనికా చేతికొచ్చాయి. గొంతు పనిలో ఉన్నంతకాలమూ వేళ్లూ, చెవులూ ఖాళీగా లేవు.

వియన్నాలో రాజ ప్రార్థనామందిరం బృందంలో పాడి, తర్వాత సంగీతకర్త అయిన ఫ్రాంజ్ షూబర్ట్ కూడా అంతే. 1812 జూలై 26న, ఒక స్వరపత్రం మీద అతని చేతి రాత ఉంది: షూబర్ట్ చివరిసారి కూత పెట్టింది ఇవాళే అని. అప్పుడతనికి పదిహేనేళ్లు. రెండేళ్లు తిరిగాక, 1814 అక్టోబరులో, పదిహేడేళ్ల షూబర్ట్ రాట్నం ముందు కూర్చున్న ఒక అమ్మాయి పాడే పాటకు స్వరం కట్టాడు. పై స్థాయి గొంతు కోసం.