రెండు తీరాల గాలి కలిసే కొండ వెన్ను

ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న ఒక పాఠకుడు కోర్సికా ద్వీపంలో ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాడట. "కొండ మీది బసల్లో అందరూ తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరాలంటున్నారు. మధ్యాహ్నం కాకముందే కొండ వెన్ను దిగిపోవాలంటున్నారు. పొద్దున ఆకాశంలో మబ్బుతునక కూడా ఉండదు కదా, మరి ఎందుకింత హడావుడి?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు ఆ ద్వీపం ఆకారంలోనే ఉంది.

మధ్యధరా సముద్రంలోని కోర్సికా పొడవు 180 కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు 80 పైచిలుకు. అంత చిన్న నేల మీద 2,706 మీటర్ల మోంతె చింతో లాంటి శిఖరాలు లేచాయి. వాటి వరుస వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ద్వీపాన్ని నిలువునా చీలుస్తుంది. ఆ వరుస వెంబడే జీఆర్ 20 అనే కాలిబాట ఉంది. సుమారు 180 కిలోమీటర్ల ఈ బాటను మామూలుగా 16 రోజుల మజిలీలుగా నడుస్తారు. చాలా మజిలీల చివర ఒక బస ఉంటుంది, దాన్ని అక్కడ రెఫ్యూజ్ అంటారు.

మన పాఠకుడు భయపడుతున్నది మంగాను రెఫ్యూజ్ (1,601 మీటర్లు) నుంచి పెత్రా పియానా రెఫ్యూజ్ (1,842 మీటర్లు) దాకా సాగే మజిలీ గురించి. దూరం పది కిలోమీటర్లు అటూ ఇటూ, కానీ ఆరేడు గంటలు పడుతుంది. ముందు 2,225 మీటర్ల కపితెల్లు కనుమ ఎక్కాలి. ఆ తర్వాత గ్రానైట్ బండల మీద చేతులు కూడా వాడుతూ కొండ వెన్ను పట్టుకుని పోయి, 2,206 మీటర్ల ముజ్జెల్లా కనుమ దాటాలి. కింద లోతుగా కపితెల్లు, మేలు సరస్సులు కనిపిస్తుంటాయి. ఈ చుట్టుపక్కల ప్రాంతాన్ని 2020లో మోంతె రితోందు ప్రకృతి రిజర్వ్‌గా ప్రకటించారు. బాటలో రెఫ్యూజ్ దగ్గర తప్ప ఇంకెక్కడా గుడారం వేయకూడదు. అంటే మధ్యలో ఆలస్యమైతే ఆగి పడుకునే వీలు లేదు. ఆ రెండు కనుమల మధ్య ఉన్నప్పుడు పడమటి సముద్రం 30 కిలోమీటర్ల దూరంలో, తూర్పు సముద్రం 50 కిలోమీటర్లలోపు ఉంటాయి. అసలు కథంతా ఇక్కడే నడుస్తుంది.

బడిలో సముద్ర పవనాలు, భూ పవనాల పాఠం అందరం చదివాం. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది, బొమ్మలో రెండు బాణాలు, పరీక్షలో అయిదు మార్కులు. ఆ గాలి తీరం దాటాక ఏమవుతుందో మాత్రం ఏ పాఠమూ చెప్పదు. దానికి ఒక కొండ అడ్డం వస్తే? కొండకు అవతలి వైపు నుంచి ఇంకో సముద్రపు గాలి ఎదురొస్తే? నాకు ఈ పాఠంలో అన్నిటికంటే అందమైన భాగం అదే.

ఉదయం ఆరింటికి సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి చదునైన నేల మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. నిటారుగా ఉన్న తూర్పు వాలు మీద మాత్రం దాదాపు సూటిగా తగులుతుంది. ఆ బండలు ముందు వేడెక్కుతాయి. వాటిని ఆనుకున్న గాలి, అదే ఎత్తులో లోయ నడుమ ఉన్న గాలికంటే వెచ్చబడి, తేలికై, వాలు వెంబడి పైకి పాకుతుంది. కొన్ని గంటల్లో పడమటి వాలులో కూడా ఇదే మొదలవుతుంది. పదీ పదకొండింటికి తీరాల దగ్గర సముద్రపు గాలి అందుకుంటుంది. పడమట లియామోనే లోయ, తూర్పున తవిన్యానో లోయ దానికి దారులు. తేమ నిండిన ఆ గాలి వాలుగాలితో కలిసి ఎగువకు నడుస్తుంది. మధ్యాహ్నానికి రెండు వైపుల గాలులూ కొండ వెన్ను మీద ఎదురుపడతాయి. కళ్లంలో ఎండబోసిన వడ్లను ఇద్దరు చెరోవైపు నుంచి తోస్తే మధ్యలో రాశి లేచినట్టు, గాలికి పైకి లేవడం తప్ప వేరే దారి ఉండదు.

ఎంత వేగంగా లేస్తుందో ఒక చిన్న లెక్క వేద్దాం. రెండు గాలులూ సెకనుకు 3 మీటర్ల వేగంతో, 500 మీటర్ల మందంతో వస్తున్నాయనుకోండి. కొండ వెన్ను పొడవులో ప్రతి మీటరుకూ సెకనుకు 3 × 500 × 2, అంటే 3,000 ఘనపు మీటర్ల గాలి వచ్చి చేరుతుంది. అదంతా 2,000 మీటర్ల వెడల్పున్న పట్టీలోంచి పైకి పోవాలంటే సెకనుకు 1.5 మీటర్ల వేగం కావాలి. చెట్టు ఆకులు కదిలించేపాటి గాలి పదకొండు నిమిషాల్లో కిలోమీటరు ఎత్తుకు చేరిపోతుందన్నమాట!

పైకి పోయే గాలి వ్యాకోచిస్తుంది, కిలోమీటరుకు 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఎక్కడ మబ్బు కడుతుందో అంచనా వేయడానికి ఒక సులువైన సూత్రం ఉంది. గాలి ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్‌ను తీసేసి 125తో గుణించాలి. ఎంత చల్లబడితే ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలవుతుందో అదే డ్యూ పాయింట్. తీరంలో 30 డిగ్రీల వేడి, 16 డిగ్రీల డ్యూ పాయింట్ ఉన్నాయనుకుంటే, తేడా 14. 14 × 125 = 1,750 మీటర్లు. కపితెల్లు కనుమ 2,225 మీటర్లు. అంటే అప్పుడు మీరు మబ్బు కింద ఉండరు, మబ్బులోనే ఉంటారు. బండల మీద వేసిన ఎరుపు తెలుపు గుర్తులు కనబడవు. పిడుగు సంగతి అటుంచి, ఈ పొగమంచు ఒక్కటే దారి తప్పించడానికి చాలు.

ఇక్కడి నుంచి మబ్బుకు కొండ సాయం కూడా అక్కర్లేదు. ఆవిరి నీరుగా మారినప్పుడు గ్రాముకు సుమారు 2,500 జౌళ్ల గుప్తోష్ణం విడుదలవుతుంది. కిలో గాలిలో 4 గ్రాముల ఆవిరి బొట్లుగా మారిందంటే 10,000 జౌళ్లు. కిలో గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,000 జౌళ్లు చాలు. అంటే ఆ గాలికి దాదాపు 10 డిగ్రీల వేడి లోపలి నుంచే దొరికినట్టు. చుట్టూ ఉన్న గాలికంటే అది వెచ్చగా ఉన్నంతసేపూ పైకి పోతూనే ఉంటుంది. టీవీల్లో చెప్పే క్యుములోనింబస్ మేఘం పుట్టుక ఇదే. సున్నాకు పది, ఇరవై డిగ్రీలు దిగువన ఉండే ఎత్తులో మంచు స్ఫటికాలూ, మెత్తని మంచు గుళికలూ ఢీకొంటాయి. సాధారణంగా గుళికలకు రుణావేశం, స్ఫటికాలకు ధనావేశం వస్తుంది. తేలికైన స్ఫటికాలను గాలి పైకి మోసుకుపోతుంది, బరువైన గుళికలు కింద మిగిలిపోతాయి. మబ్బు విద్యుత్తుతో నిండుతుంది.

మన ఇళ్లలో ఉరిమితే "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అనుకుంటాం. పిల్లల భయం పోగొట్టడానికి అది మంచి అలవాటే. పేర్లతో పాటు మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు కూడా లెక్కపెట్టడం నేర్పిస్తే ఇంకా బాగుంటుంది. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫై సెకన్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగు మన దాకా రాగల దూరంలో ఉన్నట్టే. సెల్‌ఫోన్ పిడుగును లాగుతుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. పిడుగు చూసేది ఎత్తునీ, మొననీ. కొండ వెన్నుకు ఆ రెండూ ఉన్నాయి, దాని మీద నిలబడ్డ మనిషి ఆ మొనకు ఇంకాస్త పొడుగు కలుపుతాడు. చేతికర్ర కొసల దగ్గర సన్నని రొద, నెత్తిన వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం మొదలైతే క్షణం ఆలస్యం చేయకుండా కిందికి దిగాలి.

దగ్గర్లో పడిన పిడుగు కూడా చంపుతుంది. ఎండిన గ్రానైట్ మంచి వాహకం కాదు. అందుకే కరెంటు లోపలికి ఇంకకుండా తడి పొర వెంబడి, పగుళ్ల వెంబడి పాకుతుంది. ఎడంగా పెట్టిన రెండు పాదాల మధ్య వోల్టేజి తేడా వచ్చి ఒంట్లోంచి పారుతుంది. చెట్టు కింద చేరిన గొర్రెల మంద ఒకేసారి చనిపోయిందని మన పత్రికల్లో వచ్చే వార్తలకు ఇదొక కారణం. గొర్రె ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య ఎడం ఎక్కువ, గుండె ఆ దారిలోనే ఉంటుంది. కాబట్టి దిగే వీలు లేకపోతే పాదాలు దగ్గరగా పెట్టి గొంతుకూర్చోవాలి. బండ కింది సందులోకి దూరడం, పట్టు కోసం బండకు బిగించిన ఇనుప గొలుసు పట్టుకోవడం ఇంకా ప్రమాదం.

మధ్యాహ్నం లోపు దిగిపోతే ఏ గండమూ లేదనుకోవద్దు. 2022 ఆగస్టు 18న కోర్సికాను గాలివాన ముంచెత్తింది పొద్దున పూట. మరిన్యానాలో గాలి గంటకు 220 కిలోమీటర్లు దాటింది. ద్వీపంలో అయిదుగురు చనిపోయారు. అది కొండ మీద పుట్టిన మబ్బు కాదు, బాగా వేడెక్కిన సముద్రం మీంచి గుంపుగా దూసుకొచ్చిన ఉరుముల వరుస. వాలుగాలి లెక్క దానికి పనికిరాదు. అలాంటి దానికి వాతావరణ హెచ్చరికలే దిక్కు, అందుకే బయల్దేరే ముందు రెఫ్యూజ్‌లో ఆ రోజు సూచన అడిగి తీరాలి.

ఈ ద్వీపం మీద శాస్త్రవేత్తలకూ మోజే. 2014 నుంచి సయెత్తా అనే 12 కేంద్రాల వ్యవస్థ అక్కడి మెరుపులను మూడు కొలతల్లో గీస్తోంది. మెరుపు విడుదల చేసే రేడియో తరంగం ఒక్కో కేంద్రానికి చేరే సమయంలో తేడాను పట్టుకుంటుంది. మైక్రోసెకనులో, అంటే సెకనులో పదిలక్షో వంతులో, ఆ తరంగం 300 మీటర్లు పోతుంది, అంత సూక్ష్మంగా ఉంటుంది పని.

ఇక మన పాఠకుడికి చెప్పాల్సింది. అయిదింటికి బయల్దేరితే, ఆగకుండా నడిస్తే, పడమటి గాలి అందుకోకముందే రెండో కనుమ దాటొచ్చు. కపితెల్లు కనుమ దగ్గరికి చేరేసరికే పదకొండు దాటి, శిఖరాల మీద మబ్బులు నిలువుగా పెరుగుతుంటే కొండ వెన్ను ఎక్కవద్దు. ఆ దగ్గర్లోనే కపితెల్లు సరస్సు, మేలు సరస్సు మీదుగా రెస్తోనికా లోయలోని గ్రోతెల్లె దాకా దిగే బాట ఉంది. బ్యాగులో మ్యాపు పైనే పెట్టుకుంటే మంచిది, ఆ మలుపు దగ్గర అవసరమవుతుంది.