తీగ బిగువు తెలిసిన యుద్ధనౌకలు

1857 ఆగస్టు 11 తెల్లవారుజామున అట్లాంటిక్ మహాసముద్రంలో, అమెరికా నౌకాదళానికి చెందిన నయాగరా అనే ఆవిరి యుద్ధనౌక వెనుకభాగం నుంచి దిగుతున్న టెలిగ్రాఫ్ తీగ తెగి నీళ్ళలో పడిపోయింది. ఐరోపాను ఉత్తర అమెరికాతో టెలిగ్రాఫ్ ద్వారా కలపడానికి, ఐర్లాండ్‌లోని వాలెన్షియా తీరం నుంచి అప్పటికి 300 మైళ్ళకు పైగా తీగ పరిచారు. అది తెగిన చోట లోతు సుమారు 2,000 బారలు, అంటే మూడున్నర కిలోమీటర్ల పైమాట. (మన జాలర్లు లోతు చెప్పే బార, ఇంగ్లీషు నావికుల ఫాదమ్ రెండూ చేతులు బార్లా చాచిన కొలతే.)

తీగలో లోపం లేదు. తీగ మరీ వేగంగా జారిపోకుండా ఆపే బ్రేకును అప్పట్లో ఒక మనిషి చేత్తో తిప్పేవాడు. ఓడ వెనుకభాగం అలల మధ్య పల్లంలోకి దిగినప్పుడు తీగ వదులవుతుంది, తిరిగి పైకి లేచినప్పుడు ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆ లేచే క్షణంలో బ్రేకును వదలవలసి ఉండగా అది బిగిసే ఉండిపోయింది. కిందికి వేలాడుతున్న తీగ బరువుకు అల లాగిన లాగు తోడవడంతో తీగ తట్టుకోలేకపోయింది.

మరుసటి ఏడాదికి నయాగరా ఇంజనీరు విలియం ఎవరెట్ కొత్త యంత్రం తయారు చేశాడు. బిగువు ముందుగా నిర్ణయించిన హద్దు దాటగానే, మనిషి చెయ్యి పడకుండానే, దాని బ్రేకు పట్టు సడలించేది. ఆ సాహసయాత్రలో నావికుల ధైర్యం గురించి ఎంతో రాశారు కానీ, ఈ బ్రేకుకు దక్కవలసినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. 1858 జూలై 29న నయాగరా, బ్రిటిష్ యుద్ధనౌక అగమెమ్నాన్ నడిసముద్రంలో కలుసుకుని, తమ తమ తీగల కొసలను అతికి, నయాగరా ఉత్తర అమెరికా తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ వైపు, అగమెమ్నాన్ ఐర్లాండ్ వైపు సాగి, ఆగస్టు 5న తీరాలు చేరాయి. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం దాటడానికి 16 గంటలు పట్టింది. ఆ తీగ కొద్ది వారాల్లోనే మూగబోయింది.

దిగుతున్న తీగ ఆకారం ఎలా ఉంటుంది? రెండు స్తంభాల మధ్య వేలాడే తీగలా వంపు తిరిగి ఉంటుందని ఎవరికైనా తోస్తుంది. అయితే ఓడ ఒకే వేగంతో సాగుతున్నంతసేపు, నీటి నిరోధం వల్ల తీగ ఓడ నుంచి నేల వరకు దాదాపు తిన్నని ఏటవాలు గీతలా ఉంటుందని, తరువాత కెల్విన్ ప్రభువైన విలియం థామ్సన్ లెక్కగట్టి చూపాడు. ఏటవాలు చాలా తక్కువ గనుక, రెండు మైళ్ళ లోతులో తీగ నేలను తాకే చోటు ఓడకు పదిహేను మైళ్ళకు పైగా వెనుక ఉండవచ్చు. అడుగున గుట్టలూ లోయలూ ఉంటాయి కాబట్టి, ఓడ నడిచిన దూరం కంటే కొంచెం ఎక్కువ తీగ వదలాలి. తక్కువైతే అది రెండు గుట్టల మధ్య నేలను తాకకుండా వేలాడి ఒరుసుకుపోతుంది.

నౌకాదళాలకు ఈ విద్యతో మళ్ళీ గాఢమైన అవసరం 1950ల్లో కలిగింది. సోవియట్ జలాంతర్గాముల చప్పుడును దూరం నుంచే వినడానికి అమెరికా నౌకాదళం సముద్రం అడుగున హైడ్రోఫోన్లను, అంటే నీటిలోని శబ్దాన్ని పట్టే మైకులను, వరుసలుగా అమర్చి కేబుళ్ళతో తీరానికి కలిపింది. సోసస్ అనే ఈ ఏర్పాటును 1991 వరకు రహస్యంగానే ఉంచారు. సందేశాలు మోసే తీగ ఆ కొస నుంచి ఈ కొసకు చేరితే చాలు. చెవులున్న ఈ కేబుల్ మాత్రం ఎంచుకున్న వాలు మీద, ఎంచుకున్న దిక్కుకే పడుకోవాలి. అందుకే నెప్ట్యూన్, ఆల్బర్ట్ జె. మయ్యర్ వంటి కేబుల్ పరిచే నౌకలు ఈ పనికి వచ్చాయి. అమెరికా నౌకాదళం మొదటి నుంచీ ఈ పని కోసమే కట్టించుకున్న జ్యూస్ అనే నౌక 1984లో సేవలోకి వచ్చింది. దాని పొడవు 156 మీటర్లు. ముందుభాగాన పెద్ద కప్పీలు, గాలికీ ప్రవాహానికీ కొట్టుకుపోకుండా ఓడను ఉన్నచోటే నిలపడానికి పక్కలకు నెట్టే చోదకాలు, అడుగును కొలిచే పరికరాలు దానికి ఉన్నాయి.

మరమ్మతు ఇంకా నిదానమైన పని. సముద్రం నేల మీద పరుచుకున్న కేబుల్‌ను మధ్యలో కొక్కెం వేసి లాగితే, పైకి రావడానికి తగిన వదులు లేక బిగువు పెరిగి అది తెగిపోతుంది. కాబట్టి ముందు కోసే కొక్కేన్ని లోతులో ఈడ్చి దాన్ని ఉద్దేశపూర్వకంగానే తెంపుతారు. తరువాత ఒక కొసను పైకి తీసి, పరీక్షించి, తేలే బోయాకు కట్టి వదిలి, రెండో కొసను వెతుకుతారు. రెండు కొసలూ ఓడ మీద ఒకేసారి ఉండాలంటే మధ్యలో సుమారు లోతుకు రెట్టింపు కొత్త కేబుల్ అతకక తప్పదు. చివరి అతుకును వదిలాక ఆ అదనపు పొడవు పక్కకు ఒక పెద్ద మెలికగా నేలకు దిగుతుంది. ఆ మెలిక పొడవును పటంలో తప్పక రాసి పెడతారు. మళ్ళీ లోపం వస్తే తీరం నుంచి చేసే కొలత కేబుల్ వెంబడి దూరాన్నే చెబుతుంది. దాన్ని సముద్రం మీద చోటుగా మార్చుకోవడానికి ఆ రాతే ఆధారం.